మతబోధలో శాంతి పాఠం: కౌమార వయసు పిల్లలకు తగాదా తీర్చుకోవడం నేర్పే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆదివారం సండే స్కూలు నడిపే టీచరుకైనా, మగ్రిబ్ నమాజు తర్వాత పిల్లలకు ఖురాను చెప్పే మౌల్వీ సాహెబుకైనా, గుడి మండపంలో శ్లోకాలు నేర్పే పంతులుగారికైనా ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు ‘అందరితో కలిసిమెలిసి ఉండండి’ అని చెబితే బుద్ధిగా తలలూపుతారు. ఆ సాయంత్రమే క్రికెట్ ఆడేచోట చొక్కాలు పట్టుకుంటారు. పిల్లలు చెప్పిన మాట వినకపోవడం వల్ల ఇలా జరగడం లేదు. శాంతిగా ఉండమని మనం చెబుతున్నాం కానీ కోపం వచ్చిన క్షణాన ఏం చేయాలో, ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో చెప్పడం లేదు. నిజానికి మన గ్రంథాలన్నిటిలో ఆ వివరం ఉంది. దాన్ని బయటికి తీసి, పిల్లల చేత సాధన చేయించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇది పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు వారానికి ఒక గంట చొప్పున, రెండు మూడు నెలల పాటు నడపడానికి తగినది.

మొదలుపెట్టే ముందు

తరగతి ఎక్కడ నడుస్తుందన్నది మొదట చూసుకోవాలి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న సంస్థలో మతబోధకు హాజరు కమ్మని ఎవరినీ బలవంతం చేయరాదు. మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో సమ్మతించాలి. మతాల గురించి తెలుసుకోవడం వేరు, ఒక మతాన్ని ఆచరించమని బోధించడం వేరని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఈ పాఠం చెప్పాలనుకునే ఉపాధ్యాయుడు అన్ని మతాల కథలనూ సమాచారంగా చెప్పవచ్చు కానీ ప్రార్థన చేయించకూడదు. చర్చిలోనో మసీదులోనో గుడిలోనో చెప్పేవారికి ఆ ఇబ్బంది లేదు. అయినా వేరే మతం పిల్లలు వస్తుంటే వారి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడి, ఏం చెప్పబోతున్నామో వివరించి రావడం మంచిది. ఫోన్లో చెబితే చాలదు.

బృందంలో పదిహేను ఇరవై మందికి మించకుండా చూడండి. అమ్మాయిలూ అబ్బాయిలూ ఉన్నప్పుడు పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి.

తగాదాలను పోగుచేయడం

మొదటి వారం ఏ గ్రంథమూ తెరవవద్దు. ప్రతి ఒక్కరికీ ఒక చిన్న కాగితం ఇచ్చి, ఈ మధ్య తాము చూసిన ఒక గొడవను పేర్లు లేకుండా నాలుగు వాక్యాల్లో రాయమనండి. వినాయక చవితి చందా దగ్గర మొదలైన మాట తేడా, ఎవరి వాట్సాప్ స్టేటస్సో చూసి మరొకరికి మండటం, హాస్టల్లో ఒకరి పళ్ళెం మరొకరు ముట్టుకోవడం మీద వచ్చిన రగడ, ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్ళాలన్న పేచీ, ఇంట్లో అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా వంటివి వస్తాయి. వీటిని టీచరు ఒక్కరే చదివి, ఎవరివో గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి, తిరగరాసుకోవాలి. ముందుముందు సాధనకు ఇవే ముడిసరుకు. పక్క రాష్ట్రంలోనో పరాయి దేశంలోనో జరిగిన అల్లర్లతో పాఠం మొదలుపెడితే పిల్లలు న్యాయమూర్తులై తీర్పులు చెబుతారు. తమ వీధి గొడవతో మొదలుపెడితే ఆలోచనలో పడతారు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మొదటి ఉదాహరణ ఎప్పుడూ సొంత మతం లోపలి తగాదా అయి ఉండాలి. హిందూ పిల్లలకు శైవ వైష్ణవ వైరం గురించి చెప్పండి. పదమూడో శతాబ్దిలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన, ఆ వైరం ముదిరిన కాలంలోనే తన భారతాన్ని శివుడూ విష్ణువూ ఒక్కటైన హరిహరనాథుడికి అంకితమిచ్చి, అవతారికలో ‘విష్ణురూపాయ నమశ్శివాయ’ అన్నాడు. క్రైస్తవ పిల్లలకు బైబిల్లోని అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చెప్పండి. రోజువారీ వడ్డనలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని తొలి క్రైస్తవ సంఘంలోని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును గద్దించకుండా, ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు; ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన పక్షానికే వడ్డించే గరిట అప్పగించారని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. తన ఇంటి తగాదాను ఒప్పుకున్న పిల్లవాడికి పక్కింటివాళ్ళ తగాదాను చూసే చూపు మారుతుంది.

అడిగేది ఒకటి, కావలసింది ఒకటి

ఈ మెట్టు మీద రెండు వారాలైనా ఉండాలి. గొడవలో ఇరుపక్షాలూ పైకి అడిగేది ఒకటుంటుంది, లోపల కావలసింది వేరే ఉంటుంది. ఈ తేడా చెప్పడానికి ఉద్యోగపర్వాన్ని మించిన పాఠం లేదు. రాయబారం పద్యాలు మన ఊళ్ళలో నాటకాల వేదికల మీద తరతరాలుగా వినబడుతున్నవే కనుక పిల్లలకు కథ కొంత తెలిసే ఉంటుంది. కానీ రాయబారాలు మూడని చాలామంది గమనించరు. మొదట ద్రుపదుడి పురోహితుడు హస్తినకు వెళ్ళాడు. తర్వాత ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పాండవుల దగ్గరికి పంపాడు. చివరికి కృష్ణుడు వెళ్ళాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ప్రతి రాయబారి ఏం తెచ్చాడు, ఏం అడిగాడు, ఏం ఇవ్వజూపాడు అన్న మూడు ప్రశ్నలు వేయండి.

సంజయుడి రాయబారం దగ్గర పిల్లలను ఎక్కువసేపు ఆపండి. అతను శాంతి గురించి ఎంతో చక్కగా మాట్లాడాడు. యుద్ధం చేసి గెలవడం కన్నా బిచ్చమెత్తుకోవడం మేలని కూడా ధర్మరాజుకు చెప్పాడు. అయితే రాజ్యంలో ఇంత భాగమిస్తామన్న మాట అతని మూటలో లేదు. ‘ఇది శాంతి సందేశమేనా?’ అని అడగండి. తరగతిలో అభిప్రాయ భేదం వస్తుంది, రావాలి కూడా. బలవంతుడు ఏమీ ఇవ్వకుండా బలహీనుణ్ణి ఓర్చుకోమనడం శాంతి అనిపించుకోదన్న సంగతి టీచరు నోటి నుంచి కాక పిల్లల నోటి నుంచి రావడం ముఖ్యం.

ఆ తర్వాత అయిదూళ్ళ సంగతికి రండి. అర్ధరాజ్యం మీద హక్కున్న ధర్మరాజు అయిదూళ్ళిస్తే చాలన్నాడు. అతను అడుగుతూ వచ్చింది సగం రాజ్యం. అతనికి కావలసింది తమ్ముళ్ళతో తలెత్తుకు బతికే చోటు, యుద్ధం తప్పడం. అడిగేదాన్ని తగ్గించుకుని కావలసినదాన్ని నిలుపుకున్నాడు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత చోటు కూడా ఇవ్వనన్నాడు. అతనికి కావలసింది నేల కాదు, తాను తగ్గలేదనిపించుకోవడం. ఇప్పుడు పిల్లలు రాసిన కాగితాల్లోంచి ఒకటి తీసి, అందులోని ఇద్దరికీ రెండు గడులు గీసి, పైగడిలో ‘అడిగింది’, కిందగడిలో ‘కావలసింది’ నింపమనండి. చందా గొడవలో ‘వెయ్యి ఇవ్వాల్సిందే’ అన్న కుర్రాడి కిందగడిలో ‘మా వీధి పందిరి పక్క వీధిదానికన్నా చిన్నగా కనబడకూడదు’ అని ఒక పిల్ల రాయగలిగితే ఆ పాఠం అందినట్టే.

ముస్లిం పిల్లలున్న తరగతిలో ఇదే సంగతికి ముహమ్మద్ ప్రవక్తకూ మక్కావాసులకూ మధ్య క్రీ.శ. 628లో కుదిరిన హుదైబియా ఒప్పందం సరిపోతుంది. ఒప్పంద పత్రంలో ‘అల్లాహ్ ప్రవక్త’ అన్న మాట ఉండకూడదని మక్కా తరఫున వచ్చిన సుహైల్ పట్టుబట్టినప్పుడు, ఆ మాట తీసేసి ‘అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్’ అని రాయడానికి ప్రవక్త ఒప్పుకున్నారు. సహచరుల్లో చాలామందికి అది కష్టంగా తోచింది. పదేళ్ళ యుద్ధ విరమణ ఆ కాగితం మీదే కుదిరింది.

గ్రంథంలో ఉన్న క్రమాన్ని క్రమంగానే నేర్పడం

‘సమాధానపరచువారు ధన్యులు’ అన్న వాక్యం సండే స్కూలు పిల్లలందరికీ కంఠతా వస్తుంది. అదే మత్తయి సువార్త 18వ అధ్యాయంలో తప్పు చేసిన సహోదరుడితో ఎలా వ్యవహరించాలో వరుసగా ఉన్న సంగతి మాత్రం ఎక్కువమందికి గుర్తుండదు. ముందు నువ్వొక్కడివే వెళ్ళి అతను ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళు. అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయి. మన పిల్లలు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. ముందు గ్రూపులో పెడతారు, తర్వాత ఇద్దరు స్నేహితులను తోడు తీసుకుని నిలదీస్తారు, అవతలివాడితో ఒంటరిగా మాట్లాడటం ఎప్పటికీ జరగదు. ఈ మూడు మెట్లను గోడ మీద రాయించి, కాగితాల్లోని ప్రతి గొడవా ఏ మెట్టు దగ్గర అదుపు తప్పిందో గుర్తించమనండి.

ఖురాను 49వ సూరా (అధ్యాయం) అల్ హుజురాత్ చిన్నదే గానీ ఒక్కొక్క ఆయత్‌కు (వాక్యానికి) ఒక్కొక్క వారం కేటాయించదగినది. ఆరో ఆయత్ దుష్టుడెవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమంటుంది. తొమ్మిదోది రెండు వర్గాలు పోట్లాడుకుంటే సంధి కుదర్చమంటూనే, ఒక వర్గం దౌర్జన్యానికి దిగితే దాన్ని అడ్డుకోవాలనీ, ఆ తర్వాత కుదిర్చే సంధి న్యాయంగా ఉండాలనీ షరతు పెడుతుంది. పదకొండోది వెక్కిరించవద్దనీ, ఎగతాళి పేర్లు పెట్టవద్దనీ అంటుంది. పన్నెండోది అనుమానాలనూ చాడీలనూ వారిస్తుంది. జాతులుగా తెగలుగా సృష్టించింది ఒకరినొకరు తెలుసుకోవడానికేనని చెప్పే పదమూడో ఆయత్‌ను సభల్లో అందరూ చదువుతారు. దానికి ముందున్నవి ఆచరించకుండా అక్కడికి చేరుకోలేమని పిల్లలకు చెప్పాలి.

మక్కాలోని కాబా పునర్నిర్మాణం నాటి కథ కూడా ఈ వయసు పిల్లలకు బాగా పడుతుంది. నల్లరాతిని దాని చోట పెట్టే గౌరవం ఎవరిదన్న దాని మీద ఖురైషు తెగలు కత్తులు దూసే దాకా వచ్చాయి. ముహమ్మద్ ప్రవక్త, అప్పటికింకా ప్రవక్త కాని రోజుల్లో, ఒక వస్త్రం పరచి రాతిని దాని మీద ఉంచి, తెగల పెద్దలందరినీ అంచులు పట్టుకుని ఎత్తమన్నారు. ఈ కథను చెప్పాలే గానీ నాటకంగా ఆడించకూడదు; ప్రవక్త పాత్రను ఎవరూ ధరించరాదన్నది ముస్లింల నియమం, మనం దాన్ని మన్నించాలి. కృష్ణ రాయబారానికి, క్రిస్మస్ నాటకానికి అలవాటైన పిల్లలు ఈ తేడాను కూడా నేర్చుకోవాలి. కథ అయ్యాక వేరే ఆటగా ఒక దుప్పటి మధ్యలో నీళ్ళు నింపిన గిన్నె పెట్టి, ఎనిమిది మందిని అంచులు పట్టుకుని పైకెత్తి నాలుగడుగులు నడవమనండి. మొదటిసారి బలం చూపించాలనుకున్నవాడి వైపు దుప్పటి బిగిసి, గిన్నె అటు జారి, నీళ్ళు అతని కాళ్ళ మీదే పడతాయి. రెండోసారి ఎవరూ చెప్పకుండానే ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ నడుస్తారు. తర్వాత ‘ఎవరు ఎప్పుడు చేయి తగ్గించారు?’ అని మాత్రం అడిగి, మిగతాది వాళ్ళనే మాట్లాడనివ్వండి.

వినడం

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు గానీ ప్రతి వారం చేయించాలి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు రెండు నిమిషాలు మాట్లాడాక రెండోవారు ఆ మాటలను తన మాటల్లో చెప్పాలి. మొదటివారు ‘అవును, నేనన్నది అదే’ అనేదాకా రెండోవారికి జవాబిచ్చే హక్కు లేదు. జవాబిచ్చేటప్పుడు గీత పదిహేడో అధ్యాయంలోని ‘అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్’ అన్న కొలత వాడండి: ఎదుటివారిని రెచ్చగొట్టనిది, నిజమైనది, వినసొంపైనది, మేలు చేసేది. నాలుగూ ఒకేసారి కుదరడం ఎంత కష్టమో పిల్లలే కనిపెడతారు.

మైకు తగాదా: ఒక పూర్తి సాధన

ఇక్కడిదాకా నేర్చినదంతా ఒక్కచోట వాడించడానికి మైకు తగాదా అనువైనది, ఎందుకంటే అది అన్ని మతాలకూ ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. పక్క వీధి మసీదులో ఫజ్ర్ (వేకువ నమాజు) అజాన్. ఆదివారం చర్చిలో మైకులో ప్రార్థన. గుడి ఎదురింట్లో పదో తరగతి చదివే అమ్మాయి, గుండె ఆపరేషనైన ఆమె తాతయ్య ఉన్నారనుకుందాం. గుడి కమిటీ పెద్ద, మసీదు కమిటీ సభ్యుడు, చర్చి పెద్ద, ఆ అమ్మాయి, ఒక మధ్యవర్తి అన్న అయిదు పాత్రలివ్వండి. ఎవరికీ సొంత మతం పాత్ర రాకుండా చూడండి. అవతలివారి భక్తిని తన నోటితో సమర్థించాల్సి వచ్చినప్పుడే పిల్లలు దాని గురించి నిజంగా ఆలోచిస్తారు.

మొదటిసారి ఎలా తోస్తే అలా ఆడనివ్వండి. అరుచుకుంటారు. ‘ముందు వాళ్ళని ఆపమను’ అన్న మాట తప్పకుండా వస్తుంది. రెండోసారి మత్తయి క్రమం పాటించమనండి: అమ్మాయి ముందు తనే వెళ్ళి కమిటీ పెద్దతో ఒంటరిగా మాట్లాడాలి. ఆ మాట ఇలా ఉండవచ్చు: ‘పెదనాన్నా, పాట ఆపమని అడగడానికి రాలేదు. మా అమ్మమ్మ ఆ పాశురాలు వినే నిద్ర లేస్తుంది. బాక్సు మా ఇంటి కిటికీకి ఎదురుగా ఉంది, తాతయ్యకు గుండె దడ వస్తోంది. దాన్ని లోపలి వైపు తిప్పి, సౌండు తగ్గిస్తారా?’ ఇందులో నింద లేదు, ఇబ్బంది స్పష్టంగా ఉంది, చేయగలిగిన పని ఒకటి అడిగింది. పిల్లల చేత ఈ మూడూ గుర్తింపజేయండి.

మూడోసారికి చట్టాన్ని తీసుకురండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నియమం మూడు మతాలకూ ఒకటేనని తెలిసిన క్షణాన ‘ముందు వాళ్ళు’ అన్న వాదన బలం కోల్పోతుంది. చివర్లో ఒప్పందాన్ని కాగితం మీద రాయించండి: ఏ బాక్సు ఎటు తిప్పాలి, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎవరు చూసుకోవాలి, మాట తప్పితే ఎవరికి చెప్పాలి. ‘ఇకనుంచి సఖ్యంగా ఉంటాం’ అన్న ఒప్పందాన్ని టీచరు ఒప్పుకోకూడదు.

ఫోనులో పుట్టే గొడవలు

పిల్లల ఫోన్లకు వచ్చే రెచ్చగొట్టే ఫార్వర్డులను తరగతిలో చూపించవద్దు; చూపిస్తే మనమే పంచినట్టు. దాని బదులు ఏ మతాన్నీ తాకని ఒక ఉత్తుత్తి వార్తను తయారుచేసి, ఇది మొదట ఎవరు చెప్పారు, ఫోటో ఎప్పటిది, నమ్మి పంపితే ఎవరికి దెబ్బ తగులుతుంది అన్న ప్రశ్నలతో విడదీయించండి. హుజురాత్ ఆరో ఆయత్, ‘నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు’ అన్న ఆజ్ఞ ఇక్కడ పక్కపక్కన నిలుస్తాయి. ఫార్వర్డ్ చేయడం కూడా సాక్ష్యం చెప్పడమేనని పిల్లలు ఒప్పుకుంటారా లేదా అన్న చర్చకు ఒక గంట సరిపోదు.

రాజీ కుదర్చకూడనివి

ఈ భాగాన్ని వదిలేసి మిగతాదంతా చెబితే ప్రమాదం. శాంతి పాఠం విన్న పిల్ల, తనకు జరిగిన అన్యాయాన్ని దిగమింగడమే భక్తి అనుకునే అవకాశముంది.

బౌద్ధ కథల్లో రోహిణీ నది తగాదా ఉంది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గి, శాక్య, కోలియ అన్న రెండు వంశాల రైతుల మధ్య మాట పెరిగి, నీళ్ళ గొడవ కాస్తా పుట్టుకలను ఎత్తి తిట్టుకోవడంగా మారి, రాజులు సైన్యాలతో దిగారు. నీళ్ళ విలువెంత, మనుషుల నెత్తురు విలువెంత అని బుద్ధుడు అడిగాడు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉన్న జిల్లాలో ఈ కథ చెప్పడం సముచితం. అయితే దాన్ని అక్కడితో ఆపకూడదు. 1985 జూలై 17న, అప్పట్లో ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో, గేదెల మురికి మంచినీటి చెరువులో కలుస్తోందని దళితులు అభ్యంతరం చెప్పడంతో మొదలైన గొడవ దళితవాడ మీద దాడిగా మారింది. ఆరుగురు దళితులను చంపారు. మిగిలినవారు చీరాలకు వెళ్ళి తలదాచుకున్నారు. రోహిణి దగ్గర రెండు పక్షాలూ సమానబలం గలవి. కారంచేడులో అలా కాదు. ఈ తేడాను పెద్ద పిల్లలకు, పదహారేళ్ళు దాటినవారికి, నెమ్మదిగా కానీ దాచకుండా చెప్పాలి. బలం సమానంగా లేనిచోట ‘ఇద్దరూ సర్దుకోండి’ అనడం బలవంతుడి పక్షం వహించడమే అవుతుంది.

కాబట్టి కొన్ని విషయాల్లో మధ్యవర్తిత్వం చేయకూడదని ఖచ్చితంగా నేర్పండి. కులం పేరుతో అవమానం, దాడి జరిగితే 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి; ఆ బాధ్యత పాఠం చెప్పే మనకూ ఉంటుంది, మత పెద్దలకూ ఉంటుంది. ఇలాంటివాటిని ‘సంఘం పరువు’ అంటూ లోలోపల రాజీ చేయడం నేరం. పిల్లల సహాయ నంబరు 1098ను తరగతి గోడ మీద పెద్దగా రాయించండి.

బయటికి తీసుకెళ్ళడం

మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ ఇందుకు మంచి చోటు. స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవారు రొట్టె తీసుకుంటారు, కోరిక తీరినవారు మళ్ళీ వచ్చి రొట్టె ఇస్తారు; విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె అని ఎవరికి కావలసినది వారు వెతుక్కుంటారు. ఇవ్వబోయేవారు కానీ తీసుకునేవారు కానీ ఎదుటివారి మతం అడుగుతున్నారా అన్నది గమనించి రమ్మని పిల్లలకు చెప్పండి. రద్దీలో చిన్న బృందంగా వెళ్ళండి, నీళ్ళలోకి దించకండి. దర్గా దర్శనం తమ మతానికి సమ్మతం కాదనే కుటుంబాల పిల్లలు ముస్లింలలోనూ ఉంటారు, క్రైస్తవుల్లోనూ ఉంటారు. వారిని గట్టు మీదే ఉండనివ్వాలి, నొప్పించకూడదు. తిరిగి వచ్చాక ‘అన్ని మతాలూ ఒకటే’ అన్న తేలిక మాటతో చర్చ ముగించకండి. మతాలు ఒకటి కాకపోయినా ఒకే చెరువులో నిలబడగలరా అన్న ప్రశ్నే బలమైనది.

ఫలితం తెలుసుకోవడం

దీనికి రాతపరీక్ష పెట్టవద్దు. మూడు నెలల తర్వాత మొదటివారం నాటి కాగితాలను మళ్ళీ పంచి, అదే గొడవలో ఇప్పుడైతే మొదటి పని ఏం చేస్తావో రాయమనండి. ‘మాట్లాడతాను’ అని రాస్తే చాలదు. ఎవరితో, ఎక్కడ, ఏ మాటతో అన్నది ఉండాలి. ఇంకా స్పష్టమైన ఆనవాలు ఇళ్ళ దగ్గర దొరుకుతుంది. తల్లిదండ్రులను పిలిచి, పిల్లలు బుద్ధిమంతులయ్యారా అని కాక, ఈ మధ్య ఇంట్లో గొడవ వచ్చినప్పుడు ఏం చేశారని అడగండి. కొందరు తల్లిదండ్రులు పిల్లలు ఎదురు ప్రశ్నలు వేస్తున్నారని ఫిర్యాదు చేస్తారు. ఏ ప్రశ్న వేశారో అడిగి తెలుసుకుని, అది న్యాయమైన ప్రశ్న అయితే ఆ పిల్ల పక్షాన నిలబడి మాట్లాడవలసిన బాధ్యత టీచరుదే. తరువాతి ఏడాది బృందానికి మధ్యవర్తి పాత్రలు నేర్పే పనిని ఈ ఏడాది పిల్లల్లో ఇద్దరికో ముగ్గురికో అప్పగించండి, మొదటి కొన్ని వారాలు పక్కనే కూర్చుని చూడండి.